బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడ ఆగాలి? సీఎస్ఎస్‌లో రంగుకి హద్దు గీసే పద్ధతులు

పచ్చళ్లు అమ్మే ఒక చిన్న షాపుకి సైట్ చేసి ఇచ్చాను. రెండు రోజులు పోయాక ఓనరమ్మ ఫోన్ చేశారు. "బాబూ, అంతా బానే ఉంది గానీ మా బోర్డు మీద వత్తులు ఎవరో కత్తెరతో కోసినట్టున్నాయి, ఒకసారి చూడు" అన్నారు. చూస్తే నిజమే. హెడింగ్‌లో "పచ్చళ్లు" అన్న మాటలో చ వత్తు అడుగు లేదు, ల వత్తు సగమే ఉంది. ఫాంట్ పాడైందనుకుని రెండు గంటలు ఫాంట్లు మార్చుకుంటూ కూర్చున్నాను. ఏ ఫాంట్ పెట్టినా కోత మాత్రం అదే ఎత్తులో, గీత గీసినట్టు పడుతోంది.

తప్పు ఫాంట్‌ది కాదు, బ్యాక్‌గ్రౌండ్‌ది. ఆ హెడింగ్‌లో అక్షరాలకి రంగు ఇస్తున్నది బ్యాక్‌గ్రౌండే. అది పెట్టె అంచు దగ్గర ఆగిపోయింది, వత్తులు మాత్రం అంచు దాటి కిందకి వేలాడుతున్నాయి. అది ఎలా సరిచేశానో తర్వాత చెబుతాను. ముందు రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలి.

ఒక మాట. సీఎస్ఎస్ అంటే వెబ్ పేజీ ఎలా కనపడాలో చెప్పే భాష, ప్రాపర్టీ అంటే అందులో మనం మార్చే ఒక్కో గుణం. ఇక్కడ ప్రాపర్టీల పేర్లన్నీ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే, అన్నీ చిన్న అక్షరాల్లో, అడ్డగీత ఉన్నచోట అడ్డగీతతో టైప్ చేయాలి. పీఎక్స్ అని రాసినచోట పిక్సెల్ యూనిట్ అని చదువుకోండి.

## ఇల్లు, ముంగిలి, ప్రహరీ, సందు

వెబ్ పేజీలో ప్రతి ఎలిమెంటూ ఒక పెట్టె. దాన్ని మనూళ్లో ఇంటి స్థలంలా ఊహించుకోండి. మధ్యలో ఇల్లు, అది కంటెంట్. దాని చుట్టూ ఖాళీగా వదిలిన ముంగిలి, అది ప్యాడింగ్. ముంగిలి చుట్టూ ప్రహరీ గోడ, అది బోర్డర్. గోడకి అవతల, పక్కింటికీ మనకీ మధ్య ఉన్న సందు మార్జిన్.

బ్యాక్‌గ్రౌండ్ అంటే ఈ స్థలంలో పోయించిన గచ్చు. చెప్పకపోతే మేస్త్రీ ఎంతవరకు పోస్తాడు? ప్రహరీ గోడ బయటి అంచు దాకా పోస్తాడు. అంటే గోడ కింద కూడా గచ్చు ఉంటుంది, గోడ దాని మీద నిలబడి ఉంటుంది. చాలామంది ఈ ఒక్కచోటే పొరబడతారు. బోర్డర్ మొదలయ్యే చోట బ్యాక్‌గ్రౌండ్ ఆగిపోతుందనుకుంటారు. 1998 నాటి సీఎస్ఎస్ 2లో రాసింది అలాగే, కంటెంట్ కిందా ప్యాడింగ్ కిందా అని. ఆ తర్వాత 2.1లో బోర్డర్ కింద కూడా అని మార్చారు. ఇవాళ్టి బ్రౌజర్లన్నీ పాటించేది దాన్నే.

సందులో మాత్రం గచ్చు ఎప్పుడూ పడదు. మార్జిన్‌కి రంగు వేసే ప్రాపర్టీ లేదు, వెతకొద్దు.

మేస్త్రీకి "ఇక్కడిదాకా చాలు" అని చెప్పే ప్రాపర్టీ పేరు బ్యాక్‌గ్రౌండ్-క్లిప్. దానికి అందరికీ తెలిసిన విలువలు నాలుగు: బోర్డర్-బాక్స్ (ఏమీ చెప్పకపోతే ఇదే), ప్యాడింగ్-బాక్స్, కంటెంట్-బాక్స్, టెక్స్ట్.

## కళ్లతో చూడండి

చదివితే సగమే ఎక్కుతుంది. ఒక ఖాళీ పేజీ తెరిచి, ఒక డివ్ (ఒట్టి పెట్టె ట్యాగ్) పెట్టి, ఈ స్టైల్ ఇవ్వండి:

```
విడ్త్: 200పీఎక్స్;
హైట్: 100పీఎక్స్;
ప్యాడింగ్: 30పీఎక్స్;
బోర్డర్: 12పీఎక్స్ డాష్డ్ మెరూన్;
బ్యాక్‌గ్రౌండ్-కలర్: గోల్డ్;
```

డాష్డ్ అని కావాలనే రాశాను. సాలిడ్ బోర్డర్ అయితే దాని కింద ఏముందో కనపడదు. తెగిన గీతల మధ్య సందుల్లోంచి పసుపు తొంగి చూస్తోంది కదా? గోడ కింద గచ్చు అంటే అదే. ఇప్పుడు చివర్లో ఇంకో లైను చేర్చండి:

```
బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: ప్యాడింగ్-బాక్స్;
```

గీతల మధ్య పసుపు పోయి, వెనక ఉన్న పేజీ రంగు కనిపిస్తుంది. దాన్నే కంటెంట్-బాక్స్ అని మారిస్తే ముంగిలి కూడా ఖాళీ అయిపోయి, మధ్యలో ఒక పసుపు దిమ్మ మిగులుతుంది. లెక్కలో చెప్పాలంటే మొదటిసారి రంగు పడింది 284 బై 184 పిక్సెళ్లలో, రెండోసారి 260 బై 160లో, చివరికి 200 బై 100లో. మూడుసార్లూ పెట్టె సైజు మారలేదు, పక్కనున్నవేవీ జరగలేదు. క్లిప్ మార్చేది రంగునే, స్థలాన్ని కాదు. లోపలి టెక్స్ట్‌నీ, చైల్డ్ ఎలిమెంట్లనీ కూడా అది కత్తిరించదు. అది కావాలంటే ఓవర్‌ఫ్లో వేరే ఉంది.

క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి కంప్యూటెడ్ ట్యాబ్‌లో చూస్తే ఈ పెట్టె బొమ్మ ఉంటుంది. కంటెంట్ నీలం, ప్యాడింగ్ ఆకుపచ్చ, బోర్డర్ పసుపు, మార్జిన్ నారింజ. రంగు ఎక్కడ ఆగుతోందో అనుమానం వచ్చిన ప్రతిసారీ నేను ముందు చూసేది ఈ బొమ్మనే.

## ఆగే చోటు వేరు, మొదలయ్యే చోటు వేరు

ఒట్టి రంగుకి క్లిప్ ఒక్కటి తెలిస్తే చాలు. ఫొటో గానీ గ్రేడియెంట్ గానీ పెట్టారంటే ఇంకో ప్రాపర్టీ కూడా వస్తుంది, బ్యాక్‌గ్రౌండ్-ఆరిజిన్. బొమ్మని ఏ మూల నుంచి పరవడం మొదలుపెట్టాలో అది చెబుతుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. క్లిప్ డిఫాల్ట్ బోర్డర్-బాక్స్, ఆరిజిన్ డిఫాల్ట్ ప్యాడింగ్-బాక్స్. అంటే బొమ్మ ముంగిలి మూల నుంచి మొదలవుతుంది, రంగు మాత్రం గోడ కిందిదాకా వెళ్తుంది. మరి గోడ కింద ఏం పడుతుంది? అదే బొమ్మ రిపీట్ అయి పడుతుంది.

ఇది కనిపించాలంటే 20 పిక్సెళ్ల ట్రాన్స్‌పరెంట్ బోర్డర్ ఇచ్చి, ఎడమ నుంచి కుడికి టొమాటో రంగు ఇండిగోగా మారే గ్రేడియెంట్ పెట్టండి. పెట్టె ఎడమ అంచున టొమాటో ఉండాలి కదా? ఉండదు. ఎడమవైపు 20 పిక్సెళ్ల ఇండిగో పట్టీ, కుడివైపు టొమాటో పట్టీ కనిపిస్తాయి. పక్క టైలు చివరి ముక్క ఇటు వచ్చి పడిందన్నమాట. మొదటిసారి దీన్ని చూసినప్పుడు బ్రౌజర్ బగ్ అనే అనుకున్నాను. మందు ఒక్క లైనే:

```
బ్యాక్‌గ్రౌండ్-ఆరిజిన్: బోర్డర్-బాక్స్;
```

రిపీట్ ఆపేస్తే సరిపోదా అంటే, సరిపోదు. నో-రిపీట్ పెడితే తప్పు రంగు పోతుంది గానీ బోర్డర్ కింద చోటు ఖాళీగా మిగులుతుంది.

## ప్యాడింగ్-బాక్స్: రోజూ పనికొచ్చేది ఇదే

నాలుగు విలువల్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ప్యాడింగ్-బాక్స్ గుర్తుపెట్టుకోండి. మొదటి ఉపయోగం, కొంచెం పారదర్శకంగా ఉండే బోర్డర్లు. ఫొటో మీద ఒక తెల్ల కార్డు పెట్టి, దాని చుట్టూ అద్దంలా మసక తెలుపు అంచు కావాలని డిజైనర్ అడిగారనుకోండి. 40 శాతం తెలుపుతో 10 పిక్సెళ్ల బోర్డర్ రాస్తారు. తెర మీద మాత్రం అంచు కనిపించదు, కార్డే కాస్త లావైనట్టు ఉంటుంది. ఎందుకంటే కార్డు తెలుపు బోర్డర్ కిందికి కూడా పాకింది. తెలుపు మీద మసక తెలుపు వేస్తే కనిపించేది తెలుపే. క్లిప్‌ని ప్యాడింగ్-బాక్స్ చేయగానే బోర్డర్ వెనక ఫొటో బయటపడుతుంది, అద్దం అంచు వచ్చేస్తుంది.

రెండో ఉపయోగం ఇంకా పనికొచ్చేది. స్లైడ్ షో కింద చిన్న చుక్కలు ఉంటాయి చూడండి, ఫోన్‌లో వేలితో నొక్కితే పక్క చుక్క నొక్కుకుంటుంది. చుక్క చిన్నదిగానే కనపడాలి, నొక్కే చోటు మాత్రం పెద్దదిగా ఉండాలి. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని రాసిన మార్గదర్శకాలు) ఏఏ స్థాయిలో కనీసం 24 బై 24 పిక్సెళ్ల చోటు అడుగుతుంది, ఏఏఏ స్థాయిలో 44 బై 44. నేను వీలైనచోటల్లా 44 ఇస్తాను, పెద్దవాళ్ల వేళ్లు గుర్తొచ్చి.

```
విడ్త్: 44పీఎక్స్;
హైట్: 44పీఎక్స్;
బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్;
ప్యాడింగ్: 0;
బోర్డర్: 12పీఎక్స్ సాలిడ్ ట్రాన్స్‌పరెంట్;
బోర్డర్-రేడియస్: 50%;
బ్యాక్‌గ్రౌండ్-కలర్: మెరూన్;
బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: ప్యాడింగ్-బాక్స్;
```

కంటికి కనిపించేది 20 పిక్సెళ్ల గుండ్రటి చుక్క. నొక్కితే పలికేది 44 పిక్సెళ్ల వృత్తం. బోర్డర్ కనపడకపోయినా బటన్‌లో భాగమే కాబట్టి క్లిక్ అందుకుంటుంది.

చుక్కకి బదులు గుండ్రటి మూలల చదరం కావాలంటే ఒక చిన్న లెక్క ఉంది. బోర్డర్-రేడియస్‌లో మీరిచ్చేది బయటి వంపు. లోపలి వంపు కావాలంటే అందులోంచి బోర్డర్ మందం తీసేయాలి. రేడియస్ 8 ఇచ్చి బోర్డర్ 12 పెడితే లోపల వంపు సున్నా, మూలలు కత్తిలా వస్తాయి. కంటికి 6 పిక్సెళ్ల వంపు కనపడాలంటే 18 రాయాలి.

## హోవర్‌లో ఉబ్బే బటన్

పై కోడ్ పనిచేసింది, సంబరపడ్డారు. ఇప్పుడు మౌస్ పెట్టినప్పుడు రంగు మారాలని హోవర్ రూల్‌లో ఇలా రాశారు:

```
బ్యాక్‌గ్రౌండ్: టీల్;
```

మౌస్ పెట్టగానే 20 పిక్సెళ్ల చుక్క ఒక్కసారిగా పూరీలా 44 పిక్సెళ్లకి పొంగుతుంది. మౌస్ తీస్తే మళ్లీ చుక్క. సైజు ఎక్కడా మార్చలేదు కదా అని విడ్త్, హైట్, ట్రాన్స్‌ఫార్మ్ అన్నీ వెతుకుతారు. అక్కడ ఏమీ దొరకదు.

బ్యాక్‌గ్రౌండ్ అనే షార్ట్‌హ్యాండ్ రాస్తే, మీరు చెప్పని ప్రతి విషయాన్నీ అది డిఫాల్ట్‌కి తిప్పేస్తుంది. మీరు చెప్పింది రంగు ఒక్కటే. క్లిప్ గురించి చెప్పలేదు కాబట్టి అది తిరిగి బోర్డర్-బాక్స్ అయింది, ఆరిజిన్ ప్యాడింగ్-బాక్స్ అయింది. అందుకే రంగు మాత్రమే మార్చాలనుకున్నప్పుడు బ్యాక్‌గ్రౌండ్-కలర్ అనే రాయండి. ఒకే బ్లాకులో రెండూ ఉంటే షార్ట్‌హ్యాండ్ పైన, క్లిప్ కింద. తిరగేసి రాస్తే క్లిప్ రాసినా రాయనట్టే. నా అనుభవంలో "క్లిప్ పనిచేయడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే.

షార్ట్‌హ్యాండ్‌లోనే క్లిప్ చెప్పేయొచ్చు కూడా. అందులో పెట్టె పేరు ఒక్కసారి రాస్తే ఆరిజిన్‌కీ క్లిప్‌కీ రెండింటికీ అదే. రెండుసార్లు రాస్తే మొదటిది ఆరిజిన్, రెండోది క్లిప్.

## గ్రేడియెంట్ బోర్డర్, గుండ్రటి మూలలతో

గ్రేడియెంట్ అంచుకి బోర్డర్-ఇమేజ్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ అది బోర్డర్-రేడియస్ మాట వినదు, మూలలు చదరంగానే ఉంటాయి. అందుకని రెండు గచ్చులు పోస్తాం, ఒకదాని మీద ఒకటి. కింది గచ్చు గోడ బయటి అంచు దాకా, పై గచ్చు ముంగిలి దాకా. గోడ గాజుది. కింది గచ్చు కనిపించేది గోడ ఉన్న చోట మాత్రమే.

```
బోర్డర్: 4పీఎక్స్ సాలిడ్ ట్రాన్స్‌పరెంట్;
బోర్డర్-రేడియస్: 16పీఎక్స్;
బ్యాక్‌గ్రౌండ్:
  లీనియర్-గ్రేడియెంట్(వైట్, వైట్) ప్యాడింగ్-బాక్స్,
  లీనియర్-గ్రేడియెంట్(45డెగ్, టొమాటో, గోల్డ్) బోర్డర్-బాక్స్;
```

కామాతో వేరు చేసిన వరుసలో మొదట రాసింది పైన, చివర రాసింది అడుగున ఉంటుంది. తెలుపు నుంచి తెలుపుకి గ్రేడియెంట్ ఏంటి, వింతగా అనిపిస్తుంది. ఒట్టి రంగుని అట్టడుగు పొరలో తప్ప వేరేచోట రాయనివ్వరు. మనకి తెలుపు పైన కావాలి, అందుకే దానికి గ్రేడియెంట్ వేషం వేయాలి. రెండో వరుసలో బోర్డర్-బాక్స్ అని ఒక్కసారే రాశాం కాబట్టి ఆరిజిన్ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది, ఇందాకటి తప్పు పట్టీల గొడవ ఉండదు.

దీనికి ఒక లోపం ఉంది. లోపలి రంగు పూర్తిగా మూసేసేదై ఉండాలి. లోపల పారదర్శకంగా, వెనక ఫొటో కనపడేలా కావాలంటే ఈ పద్ధతి పనికిరాదు. బోర్డర్-ఏరియా అని క్లిప్‌కి కొత్త విలువ ఒకటి వచ్చింది, రంగుని గోడ మేరకే పరుస్తుంది. సఫారీ 18.2లో ఉంది. అదొక్కటే నమ్ముకుని క్లయింట్ పని ఒప్పుకోవద్దు. ప్రస్తుతానికి మాస్క్‌తో చేసే దారి ఉంది, కాస్త పొడుగు.

## కంటెంట్-బాక్స్, మూడు గీతల ఐకాన్

కంటెంట్-బాక్స్ అవసరం తక్కువే పడుతుంది. నేను వాడేది మెనూ ఐకాన్‌కి. బొమ్మ ఫైలు లేకుండా, ఒక్క స్పాన్‌తో మూడు గీతలు గీయొచ్చు. పై గీత బోర్డర్-టాప్, కింది గీత బోర్డర్-బాటమ్, మధ్య గీత కంటెంట్‌కే పరిమితమైన బ్యాక్‌గ్రౌండ్.

```
డిస్‌ప్లే: బ్లాక్;
బాక్స్-సైజింగ్: కంటెంట్-బాక్స్;
విడ్త్: 30పీఎక్స్;
హైట్: 4పీఎక్స్;
ప్యాడింగ్: 6పీఎక్స్ 0;
బోర్డర్-టాప్: 4పీఎక్స్ సాలిడ్ మెరూన్;
బోర్డర్-బాటమ్: 4పీఎక్స్ సాలిడ్ మెరూన్;
బ్యాక్‌గ్రౌండ్: మెరూన్ కంటెంట్-బాక్స్;
```

రెండో లైను వదిలేయొద్దు. చాలా ప్రాజెక్టుల్లో రీసెట్ ఫైలు అన్నిటికీ బాక్స్-సైజింగ్‌ని బోర్డర్-బాక్స్ చేసి ఉంచుతుంది. అప్పుడు 4 పిక్సెళ్ల హైట్‌లోనే 20 పిక్సెళ్ల ప్యాడింగూ బోర్డరూ ఇమడాలి, కంటెంట్‌కి మిగిలేది సున్నా. మూడు గీతల ఐకాన్ రెండు గీతలదవుతుంది.

## అక్షరాల్లోపలికి రంగు

ఇప్పుడు పచ్చళ్ల షాపు దగ్గరికి వద్దాం. బ్యాక్‌గ్రౌండ్-క్లిప్‌కి టెక్స్ట్ అని ఇస్తే రంగు అక్షరాల ఆకారం మేరకే పడుతుంది. అక్షరం అసలు రంగుని ట్రాన్స్‌పరెంట్ చేస్తే వెనకున్న గ్రేడియెంట్ అక్షరంగా కనిపిస్తుంది. క్రోమ్ దీన్ని వెబ్‌కిట్ ప్రిఫిక్స్ (పేరు ముందు తగిలించే -వెబ్‌కిట్- అన్న ముక్క) లేకుండా అందుకున్నది 120వ వెర్షన్‌లో, అంటే 2023 చివర్లో. అందుకే పాత ఫోన్ల కోసం ప్రిఫిక్స్ లైను ఇప్పటికీ రాస్తాను.

```
కలర్: మెరూన్;

@సపోర్ట్స్ (-వెబ్‌కిట్-బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: టెక్స్ట్) {
  బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్: లీనియర్-గ్రేడియెంట్(90డెగ్, గోల్డ్, క్రిమ్సన్);
  -వెబ్‌కిట్-బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: టెక్స్ట్;
  బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: టెక్స్ట్;
  కలర్: ట్రాన్స్‌పరెంట్;
}
```

సపోర్ట్స్ అంటే, బ్రౌజర్‌కి ఆ ప్రాపర్టీ తెలిస్తేనే లోపలి లైన్లు పాటించమని. దాని బయట మామూలు రంగు ఒకటి ఉంచాను చూడండి. అది లేకపోతే, టెక్స్ట్ క్లిప్ తెలియని బ్రౌజర్‌లో గ్రేడియెంట్ పలక మీద కనపడని అక్షరాలు మిగులుతాయి.

వత్తులు ఎందుకు తెగాయి? టెక్స్ట్ అన్నప్పుడు రంగు పడేది రెండు షరతులూ కలిసినచోటే. అక్షరం ఆకారంలో ఉండాలి, అదే సమయంలో పెట్టె బోర్డర్ అంచు లోపల కూడా ఉండాలి. హెడింగ్ దిట్టంగా కనపడాలని లైన్-హైట్ 1 పెట్టాను. ఫాంట్ సైజు 64 కాబట్టి ఒక వరుస పెట్టె ఎత్తు 64 పిక్సెళ్లే. మామూలు టెక్స్ట్ అయితే అక్షరాలు పెట్టె దాటి కిందకి వేలాడినా బ్రౌజర్ గీసేస్తుంది, ఏమీ అనదు. ఇక్కడ అక్షరానికి సొంత రంగు లేదు. పెట్టె దాటినచోట గచ్చూ లేదు. అందుకే అంత మేరకు వత్తు మాయమవుతుంది. ఇంగ్లిష్‌లో జీ, వై లాంటి చిన్న అక్షరాల తోకలకీ ఇదే గతి, కాకపోతే వాళ్ల తోకలు పొట్టివి. మనకి వత్తు కింద వత్తు ఉంటుంది. "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" రాసి చూడండి, అసలు రంగు అప్పుడు తెలుస్తుంది.

ఇంకో చిత్రం. హెడింగ్ రెండు వరుసలైతే మొదటి వరుస వత్తులకి ఏమీ కాదు, అవి రెండో వరుస చోటులోకి వేలాడతాయి, అదీ పెట్టె లోపలే. తెగేది చివరి వరుసలోనే. నా ల్యాప్‌టాప్‌లో "పచ్చళ్లు" మొదటి వరుసలో పడింది, ఓనరమ్మ ఫోన్‌లో చివరి వరుసలో పడింది. అందుకే ఇచ్చే ముందు నాకు కనపడలేదు.

సరిచేయడానికి సులువైనది లైన్-హైట్ పెంచడం. 1.5 ఇస్తే పెట్టె 96 పిక్సెళ్లవుతుంది, పైన 16, కింద 16 పిక్సెళ్లు దొరుకుతాయి. వరుసల మధ్య అంత ఎడం వద్దంటే, గచ్చుని మాత్రం కిందికి పొడిగించి, పెరిగిన స్థలాన్ని మార్జిన్‌తో వెనక్కి లాక్కోవాలి:

```
ప్యాడింగ్-బ్లాక్: 0.3ఈఎమ్;
మార్జిన్-బ్లాక్: -0.3ఈఎమ్;
```

పైకి లేచే గుడులకీ, కిందకి దిగే వత్తులకీ రెండింటికీ చోటొస్తుంది, పేజీలో ఏదీ జరగదు. ఆ హెడింగ్‌కి ముందే వేరే మార్జిన్ ఉంటే దాన్ని కలిపి లెక్కేసుకోండి. ఈఎమ్ అంటే ఆ ఎలిమెంట్ ఫాంట్ సైజు. 0.3 అనేది శాసనం కాదు. మీ ఫాంట్‌లో "రాష్ట్రం" అని రాసి, తాత్కాలికంగా క్లిప్ తీసేసి, పెట్టెకి రంగు వేసి, వత్తు ఎంత కిందకి దిగుతోందో చూసి పెట్టుకోవాలి.

ఈ అక్షరాలకి టెక్స్ట్-షాడో కలపొద్దు. షాడో బ్యాక్‌గ్రౌండ్ కంటే పైన పడుతుంది కాబట్టి గ్రేడియెంట్ మీద మసి పూసినట్టుంటుంది. ఇక నా మాట అడిగితే, పేజీకి ఒక్క గ్రేడియెంట్ హెడింగ్ చాలు. పేరాలకి పెట్టినవాళ్లని చూశాను. చదవలేం.

## పేరా మధ్యలో హైలైట్

పేరాలో ఒక వాక్యానికి మార్కర్ పెన్నుతో గీసినట్టు రంగు వేయాలంటే స్పాన్‌కి బ్యాక్‌గ్రౌండ్-కలర్ ఇస్తాం. ఇన్‌లైన్ ఎలిమెంట్ (వాక్యంతో పాటు వరుసలోనే సాగేది) కాబట్టి ఇక్కడ రంగు ఎత్తుని నిర్ణయించేది ఫాంట్ లోపలి కొలతలు. లైన్-హైట్ పెంచినా తగ్గించినా రంగు పట్టీ ఎత్తు మారదు. తెలుగు ఫాంట్లలో వత్తుల కోసం కింద చోటు ఎక్కువ ఉంచుతారు, అందుకే పట్టీ లావుగా వస్తుంది. లైన్-హైట్ దానికంటే తక్కువైతే రెండో వరుస పట్టీ మొదటి వరుస వత్తుల మీదకి ఎక్కి కప్పేస్తుంది, ఎందుకంటే కింది వరుస రంగు పై వరుస అక్షరాల తర్వాత పడుతుంది.

లైన్-హైట్‌ని 1.8 దాకా తీసుకెళ్తే చాలావరకు సర్దుకుంటుంది. అంత ఎడం ఇష్టం లేకపోతే పట్టీనే సన్నం చేయండి. లీనియర్-గ్రేడియెంట్‌లో 55 శాతం దాకా ట్రాన్స్‌పరెంట్, అక్కడి నుంచి 85 దాకా గోల్డ్, ఆ తర్వాత మళ్లీ ట్రాన్స్‌పరెంట్. నిజం మార్కర్ గీతలాగే ఉంటుంది. వాక్యం రెండు వరుసలకి విరిగినప్పుడు ప్రతి ముక్కకీ విడిగా ప్యాడింగూ గుండ్రటి మూలలూ కావాలంటే బాక్స్-డెకరేషన్-బ్రేక్‌కి క్లోన్ అని ఇవ్వాలి, వెబ్‌కిట్ ప్రిఫిక్స్‌తో ఇంకో లైను కూడా రాయాలి.

## క్లిప్ వల్ల కాని హద్దు గొడవలు

రంగు అనుకున్నచోట ఆగలేదంటే ప్రతిసారీ క్లిప్‌నే అనుమానించక్కర్లేదు.

బాడీకి రంగు ఇచ్చారు, మ్యాక్స్-విడ్త్ 600 పెట్టారు, అయినా రంగు కిటికీ అంతా పరుచుకుంది. ఇది నియమమే. హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కి సొంత బ్యాక్‌గ్రౌండ్ లేకపోతే బాడీది మొత్తం కాన్వాస్‌కి, అంటే పేజీ వెనకున్న చోటంతటికీ వెళ్లిపోతుంది. అలా వెళ్లినదాన్ని బ్యాక్‌గ్రౌండ్-క్లిప్ కూడా ఆపలేదు. హెచ్‌టీఎంఎల్‌కి ఏదో ఒక రంగు ఇవ్వండి, బాడీ రంగు తన పెట్టెలోకి వచ్చేస్తుంది.

సెక్షన్ లోపల మొదటి హెడింగ్‌కి పైన మార్జిన్ ఉంటే, అది సెక్షన్ బయటికి జారిపోయి, హెడింగ్ పైన రంగు లేని చోటు కనిపిస్తుంది. సెక్షన్‌కి డిస్‌ప్లే: ఫ్లో-రూట్ ఇస్తే మార్జిన్ లోపలే ఉంటుంది. లోపలున్నవన్నీ ఫ్లోట్ అయి, పేరెంట్ రంగు అసలే కనపడకపోయినా ఇదే మందు.

ఇక ఎదురు సమస్య. టెక్స్ట్ మధ్యలో 700 పిక్సెళ్లలో ఉండాలి, వెనక రంగు మాత్రం తెర ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలి. బయట ఇంకో డివ్ చుట్టడం రాజమార్గం. హెచ్‌టీఎంఎల్ ముట్టుకునే వీలు లేనప్పుడు ఇది వాడతాను:

```
బ్యాక్‌గ్రౌండ్-కలర్: టీల్;
బాక్స్-షాడో: 0 0 0 100వీమ్యాక్స్ టీల్;
క్లిప్-పాత్: ఇన్‌సెట్(0 -100వీమ్యాక్స్);
```

వీమ్యాక్స్ అంటే తెర వెడల్పు, ఎత్తుల్లో పెద్దదాంట్లో నూరో వంతు. షాడో నాలుగు వైపులా పరుచుకుంటుంది, క్లిప్-పాత్ పైనా కిందా కోసేసి పక్కలకి వదిలేస్తుంది. షాడోకి స్క్రోల్ లెక్క ఉండదు కాబట్టి అడ్డం స్క్రోల్‌బార్ రాదు. విడ్త్‌ని 100వీడబ్ల్యూ (తెర వెడల్పంతా) చేసే పాత పద్ధతిలో విండోస్ మెషీన్లలో అదే తలనొప్పి. కాకపోతే షాడోకి ఒకే రంగు, గ్రేడియెంట్ కుదరదు.

## ప్రింట్ తీసి చూడండి

హెడింగ్ సరిచేసి పంపాక వారం రోజులు ఫోన్ లేదు. తర్వాత మళ్లీ ఆవిడే. "బాబూ, రేట్ల పేజీ ప్రింట్ తీస్తే పైన షాపు పేరే రావట్లేదు." బ్రౌజర్లు సిరా మిగల్చడానికి మామూలుగా బ్యాక్‌గ్రౌండ్లని ప్రింట్ చేయవు. నా హెడింగ్‌లో అక్షరాలు ట్రాన్స్‌పరెంట్, వాటికి రంగు ఇచ్చే బ్యాక్‌గ్రౌండ్ కాగితం మీదకి రాలేదు, కాబట్టి ఖాళీ. సపోర్ట్స్ బ్లాకు కింద ఈ నాలుగు లైన్లు చేర్చాను:

```
@మీడియా ప్రింట్ {
  కలర్: బ్లాక్;
  బ్యాక్‌గ్రౌండ్: నన్;
}
```

రంగుతోనే ప్రింట్ కావాలంటే ప్రింట్-కలర్-అడ్జస్ట్: ఎగ్జాక్ట్ అని అడగొచ్చు. ఆవిడకి నలుపే నచ్చింది, రంగు సిరా ఖరీదట.